మా ముందటి అర్రలో బొమ్మల గ్యాలరీ పెట్టిన కథ

హనుమకొండలో పద్మాక్షి గుట్టకు పోయే దారిలో ఒక గల్లీలో మా తాత కట్టించిన పెంకుటిల్లు ఉంది. దాని ముందటి అర్రను, పక్కనున్న చిన్న వసారాను కలిపి బొమ్మల గ్యాలరీ చేశాను. ఎట్లా మొదలుపెట్టినవ్, ఎంత ఖర్చయింది, నడుస్తుందా అని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. కరీంనగర్ నుంచి, మంచిర్యాల నుంచి కూడా అడిగారు. తమ ఊళ్ళో ఇలాంటిది పెట్టాలని మనసులో ఉన్నవాళ్ళే వాళ్ళంతా. వాళ్ళ కోసం కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆలోచన మాత్రం ఇక్కడ పుట్టలేదు. సముద్రం ఒడ్డున పుట్టింది. చెన్నై నుంచి మహాబలిపురం వైపు ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద పోతుంటే ఇంజంబాక్కం వస్తుంది. ఇప్పుడా రోడ్డుకు రెండు పక్కలా రిసార్టులు, హోటళ్ళు, వారాంతంలో కార్ల బారులు. వాటి మధ్యలోనే చోళమండల్ కళాకారుల గ్రామం ఉంది. వరంగల్లో రాత్రి రైలెక్కి, తెల్లారి చెన్నైలో దిగి, ఏదో ఒక పూట చూసి వద్దామని వెళ్ళినదాన్ని చీకటి పడేదాకా అక్కడే ఉండిపోయాను. చెట్ల కింద రాతి శిల్పాలు, లోపల గ్యాలరీలు, వెనక కళాకారుల ఇళ్ళు. ఎవరో ఒకరు పంచె కట్టుకుని ఇంట్లోంచి బయటికొచ్చి మొక్కలకు నీళ్ళు పోస్తుంటారు. ఆయన శిల్పం పది అడుగుల దూరంలోనే ఉంటుంది.

దాని కథ తెలుసుకున్నాక నా ఆలోచనే మారిపోయింది. 1966లో మొదలైన ఊరు అది. మద్రాసు ప్రభుత్వ కళల కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు, తోటి కళాకారులు కలిసి కట్టుకున్నారు. అప్పట్లో మద్రాసులో బొమ్మలు కొనేవాళ్ళు చాలా తక్కువ. కాలేజీలో ఎంత బాగా వేసినా, బయటికి రాగానే ఏదో ఒక ఉద్యోగంలో చేరి కుంచె పక్కన పెట్టేయాల్సిందే. తన విద్యార్థులకు ఆ గతి పట్టకూడదని పణిక్కర్ బాధ. దానికి వాళ్ళు వెతుక్కున్న దారి నాకు భలే నచ్చింది. అందరూ కూర్చుని బాతిక్ బట్టలు, ఇతర చేతిపనులు చేశారు. మైనం పూసి రంగుల్లో ముంచి తీసే ఆ బట్టలు బాగా అమ్ముడుపోయాయి. ఆ డబ్బుతోనే సముద్రం పక్కన ఇసుక నేల కొన్నారు. అక్కడే ఇళ్ళు, స్టూడియోలు వేసుకున్నారు. పణిక్కర్ 1977లో పోయారు. ఊరు మాత్రం ఆగలేదు. 2009లో అక్కడే మద్రాసు కళా ఉద్యమానికి ఒక మ్యూజియం కూడా తెరిచారు.

అంటే, అరవై ఏళ్ళుగా నిలబడిన ఆ చోటుకు పునాది ఖరీదైన పెయింటింగులు వేయలేదు. మామూలు మనుషులు కొనుక్కుపోయిన బాతిక్ గుడ్డలు వేశాయి. నేను అక్కడి నుంచి తెచ్చుకున్నది ఈ ఒక్క మాటే. మా గ్యాలరీలో ప్రతి నిర్ణయం దీనిమీదే ఆధారపడింది.

మన దగ్గర చేతికి కొదవా? పెంబర్తి ఇత్తడి ఉంది. కొత్తవాడ జంపఖానాలు ఉన్నాయి. చేర్యాల పటాలు, మాస్కులు ఉన్నాయి. కరీంనగర్ వెండి తీగ పని, నిర్మల్ కొయ్యబొమ్మలు ఉన్నాయి. సిద్దిపేటలో డ్రాయింగ్ టీచరుగా పనిచేస్తూనే తెలంగాణ పల్లె బతుకును నకాషీల, అంటే చేర్యాల పటాలు వేసే చిత్రకారుల పోకడలతో కాగితం మీదికి తెచ్చిన కాపు రాజయ్యగారు పుట్టిన నేల ఇది. చిత్రకారుడు తోట వైకుంఠంగారిది కరీంనగర్ దగ్గరి బూరుగుపల్లి. కానీ వీటిలో ఏది చూడాలన్నా హైదరాబాద్ బస్సెక్కాల్సిందే. 2024లో మా బాలసముద్రంలో కాళోజీ కళాక్షేత్రం తెరిచారు. ఎంతో సంతోషం. పెద్ద సభలకు, పెద్ద ప్రదర్శనలకు అలాంటి భవనం కావాల్సిందే. కూరగాయల సంచితో పోతూ పోతూ లోపలికి తొంగిచూడగలిగే చోటు కూడా ఒకటి ఉండాలని నా కోరిక.

ఇల్లు చూడటానికి బాగుంటుంది గానీ, గోడలు మట్టివి, పైన డంగు సున్నం. మేకు కొడితే పిడికెడు పెచ్చు ఊడి వస్తుంది. డ్రిల్లు పెట్టే మాటే లేదు. అందరూ ప్లైవుడ్ తాపడం చేయించమన్నారు. చేయిస్తే గోడ ఊపిరాడక వానాకాలం వెనకంతా బూజు పడుతుంది, చెదలకు ఇల్లు కట్టిచ్చినట్టే. మా ఇంటికి ఎప్పటినుంచో పనిచేసే వడ్ల మామ అర్ర మధ్యలో నిలబడి పైకి చూస్తూ, "గోడ జోలికెందుకు బిడ్డా, దూలాలు లేవా?" అన్నాడు. ఆ మాటతో సగం పని అయిపోయింది. టేకు దూలాలకు చుట్టూతా రెండంగుళాల కర్రబద్ద బిగించాడు. దానికి ఇనుప కొక్కేలు, కొక్కేల నుంచి సన్నటి స్టీల్ తీగలు. పటం బరువంతా దూలం మోస్తుంది, గోడ మోయదు. కొక్కేన్ని జరుపుకుంటూ పోతే ప్రతిసారీ కొత్త వరుసలో వేలాడదీయొచ్చు. ఒక్క మేకు కూడా కొట్టలేదు.

ఇంకో చిన్న సంగతి. ప్రతి ఫ్రేము వెనక కింది రెండు మూలల్లో బెండు ముక్కలు అతికించాం. పటానికీ గోడకీ మధ్య వేలు పట్టేంత సందు ఉంటుంది. గాలి ఆడుతుంది, గోడ చెమ్మ కాగితానికి అంటదు. పాత ఇంట్లో బొమ్మలు పెట్టుకునేవాళ్ళు ఎవరైనా సరే ఇది తప్పకుండా చేయాలి. పది రూపాయల పని, ఒక పటం ఆయుష్షు.

ఎత్తు గురించి కూడా చెప్పాలి. మ్యూజియంలలో పటం మధ్యభాగం నేల నుంచి 57 అంగుళాల దగ్గర ఉండేలా చూస్తారు. నిలబడ్డ మనిషి కంటి ఎత్తు అది. మా దగ్గరికి పిల్లలు, నడుం వంగిన ముసలివాళ్ళు ఎక్కువగా వస్తారని అనిపించి నేను నాలుగంగుళాలు కిందికి దించాను. ఆ నాలుగంగుళాలతో చూసేవాళ్ళు మారిపోయారు. ఐదో తరగతి పిల్లలు మునివేళ్ళ మీద నిలబడకుండా చూస్తున్నారు.

లైట్ల దగ్గర మాత్రం డబ్బు దాచుకోలేదు. తెల్లగా కొట్టే ట్యూబులైటు కింద చేర్యాల ఎరుపు ఇటుకపొడిలా కనిపిస్తుంది. 3000 కెల్విన్ పసుపుఛాయ ఎల్‌ఈడీలు, అందులోనూ రంగును ఉన్నదున్నట్టు చూపించే సూచీ 90 దాటినవే తీసుకున్నాను. అద్దం మీద మెరుపు కొట్టకుండా పైనుంచి ఏటవాలుగా 30 డిగ్రీల కోణంలో పడేట్టు పెట్టించాను. బట్ట మీద, కాగితం మీద వేసిన బొమ్మలకు వెలుతురు 50 లక్స్ దాటకూడదని మ్యూజియం వాళ్ళ లెక్క. ఎక్కువైతే రంగులు వెలిసిపోతాయి. అందుకని పడమటి కిటికీకి మందపాటి ఖద్దరు పరదా వేశాం. మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, కరెంటు మీటరును ఇంటి కేటగిరీ నుంచి కమర్షియల్‌కు మార్పించడం, ఈ రెండూ కాగితాల పని. పెద్ద టెన్షన్ లేకుండానే అయిపోయాయి.

ఇక బొమ్మలు. మొదట అడిగింది రిటైరైన ఒక డ్రాయింగ్ సారును. లోయరు, హయ్యరు డ్రాయింగ్ పరీక్షలకు ఎంతమందిని తయారు చేశారో ఆయన! ఇంట్లో మంచం కింద ట్రంకుపెట్టె నిండా నీటిరంగుల బొమ్మలున్నాయి. వేయిస్తంభాల గుడి మంటపం, ఖిలా వరంగల్ తోరణాలు, భద్రకాళి చెరువు గట్టు. ఎప్పుడూ ఎవరికీ అమ్మలేదు. ధర చెప్పమంటే, "దీనికి ధరేందమ్మా, ఉత్తగ ఇయ్యి" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఉత్తగా ఇస్తే రేపు ఇంకొకరు అమ్ముకోలేరు. ఇద్దరం కూర్చుని కాగితం ఖర్చు, ఫ్రేము ఖర్చు, ఆయన పట్టిన సమయం లెక్కేసి ధర కట్టాం. ఆ లెక్క ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ మళ్ళీ మళ్ళీ చదువుకున్నారు.

మా షరతులు చాలా సింపుల్. వెయ్యి రూపాయలకు అమ్మితే ఏడువందల యాభై వేసినవాళ్ళకు, రెండువందల యాభై గ్యాలరీకి. పెద్ద నగరాల గ్యాలరీలు ఇంతకంటే చాలా ఎక్కువ తీసుకుంటాయి, వాటి ఖర్చులు వాటివి. వస్తువు తీసుకున్న రోజే రెండు కాపీల రశీదు. పేరు, కొలత, ధర, ఎక్కడైనా మరక ఉంటే అది కూడా రాసుకుంటాం. మా దగ్గర ఉన్నన్నాళ్ళు పాడైతే పూచీ మాది. మూడు నెలల్లో అమ్ముడుపోకపోతే తిరిగి ఇచ్చేస్తాం. అమ్మిన డబ్బు ప్రతి నెలా ఒకటో తారీఖున అకౌంట్లో పడిపోవాలి. ఇది తప్పితే గ్యాలరీ మూసుకోవడం మేలని నా నమ్మకం. చేతిపనివాళ్ళను "రేపు రా, ఎల్లుండి రా" అని తిప్పే అలవాటు మన బజార్లలో ఉంది. వాళ్ళు వస్తువు ఇచ్చేటప్పుడు ముందు భయపడేది దానికే.

ధర చీటీ కనిపించేలా పెట్టాలా వద్దా అన్నదాని మీద మా ఇంట్లోనే పెద్ద చర్చ. పేరున్న గ్యాలరీల్లో చాలాచోట్ల ధర రాయరు, అడగాలి. మనవాళ్ళు అడగరు. అడిగి కొనకపోతే నామోషీ అనుకుని బయటినుంచే పోతారు. అందుకే ప్రతిదాని కింద ధర, వేసినవాళ్ళ పేరు, ఊరు పెద్ద అక్షరాల తెలుగులో రాసి పెట్టాను.

చేర్యాలకు వెళ్ళింది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రయాణం. 2016లో జిల్లాలు మారేదాకా అది మన వరంగల్ జిల్లానే, ఇప్పుడు సిద్దిపేటలో ఉంది. అక్కడ నకాషీల ఇల్లే ఒక గ్యాలరీ. గుమ్మం పక్కన ఎండబెట్టిన మాస్కులు, లోపల గోడకు ఆనించి చుట్టలు చుట్టిన పటాలు. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, ఉడికించి రుబ్బిన చింతగింజల పిండి, జిగురు కలిపి పూత పూస్తారు. ఒకటి ఆరాక ఇంకొకటి. ఆరిన బట్టను తడితే డప్పు తోలులా టకటకమంటుంది. ఆ ఇంటి ఆడకూతురు నా ముందే ఒక మాస్కు చేసి చూపించింది. సగం కొబ్బరిచిప్ప తీసుకుని, రంపపు పొట్టూ చింతగింజల పిండీ కలిపిన ముద్దతో దానికి ముక్కు నిలబెట్టింది. బొటనవేలితో రెండు నొక్కులు, అవి కళ్ళ గుంటలు. తడిచేసిన వేలితో పెదవి గీత. ఇంకా రంగు పడలేదు, అప్పుడే అది మా ఊరి పెద్దమనిషిలా నన్ను చూస్తోంది. చిన్న మాస్కులు కొన్నింటిని అక్కడే డబ్బు ఇచ్చి కొనేశాను. మా దగ్గర మొదట అమ్ముడుపోయింది కూడా మాస్కే. స్కూలు నుంచి పిల్లాణ్ణి తీసుకుపోతున్న ఒకావిడ కొన్నది.

మాస్కులతో పాటు ఒక పటం కూడా చెప్పి చేయించుకున్నాను. చేర్యాల పటాలు గోడకు తగిలించే ఫ్రేముల కోసం పుట్టినవి కావు. మూడడుగుల వెడల్పుతో నలభై, యాభై అడుగులు సాగేవి. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని పాడి చెప్పే ఆశ్రిత కులం వేరే. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివాళ్ళు చెప్తారు. గౌడులకు గౌడజెట్టివాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు. వాళ్ళే నకాషీలకు పని ఇచ్చేవాళ్ళు. కథ చెప్పించుకునేవాళ్ళు తగ్గేసరికి పటాలూ పొట్టివయ్యాయి, ఫ్రేముల్లోకి దూరాయి. మా అర్రలో పట్టేట్టు పదహారు అడుగుల్లో పద్మశాలీల మూలపురుషుడు భావనా రుషి కథ వేయమని అడిగాను. పటం వెనకంతా పరుచుకునే ఎరుపు ఇంగిలీకం అనే రాతి రంగు. ఇప్పుడు చాలామంది షాపు రంగులు వాడుతున్నారు, అందులో తప్పులేదు, ధర అందుబాటులో ఉండాలి. దీనికి మాత్రం రాతి రంగులే కావాలన్నాను. చివరికి కళ్ళు దిద్దేటప్పుడు ఇంటి పెద్దాయన కుంచె తీసుకుని ఇంకెవ్వరినీ మాట్లాడనివ్వలేదు.

పదహారు అడుగుల బట్టను ఎక్కడ పరవాలి? మళ్ళీ వడ్ల మామే. రెండు నిలువు కర్రలు, పైనా కిందా ఒక్కో రోలరు, పక్కన పిడి. పైనుంచి కిందికి ఒక్కో అంకం దిగుతుంది, చూసినది చుట్టుకుపోతుంది. నాకు తెలిసి ఇలా పటాన్ని తిప్పి చూపించే గ్యాలరీ మన వైపు ఇంకోటి లేదు.

తెరిచిన మొదటి నెలల్లోనే జరిగింది ఇది. కొత్తవాడ నుంచి ఒక పెద్దాయన జంపఖానాలు తెచ్చారు. వరంగల్ తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన గ్రేట్ ఎగ్జిబిషన్ దాకా పోయాయి. జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంత ఘనత ఉన్న పనివాడు తన సరుకును సైకిల్ వెనక కట్టుకుని వచ్చి, లోపలికి రావడానికి మొహమాటపడుతూ అరుగు మీద కూర్చున్నారు. రశీదు రాస్తుంటే ఆయన చూపు పటం మీద పడింది. లేచి దగ్గరికి వచ్చారు. పులి మీద కూర్చున్న మనిషిని చూపించి, "ఈయన మా భావనా రుషి గదా!" అన్నారు. పిడి తిప్పమన్నారు. తిప్పాను. ఇక ఆయన ఆగలేదు. మార్కండేయుడి యాగంలోంచి భావనా రుషి ఎట్లా పుట్టాడు, విష్ణుమూర్తి బొడ్డుతామర తూడు దారంతో దేవతలకు బట్ట ఎట్లా నేశాడు, సూర్యుడి బిడ్డ భద్రావతిని ఎట్లా పెండ్లాడాడు, ఒక్కో అంకం దిగుతుంటే ఒక్కోటి చెప్పుకుంటూ పోయారు. చిన్నప్పుడు కూనపులివాళ్ళు వాడకు వచ్చి, రెండు గుంజలకు పటం కట్టి, దీపం పెట్టి, పుల్లతో చూపిస్తూ తెల్లవార్లూ పాడేవాళ్ళట. కొన్నిచోట్ల ఆయన ఆగి, రాగం తీసి పాదం అందుకున్నారు. ఒక అంకం దగ్గర, "ఇక్కడ మగ్గం గుంట లోతు సరిగ్గ ఎయ్యలే" అని నకాషీల పనిలో తప్పు కూడా పట్టారు. ఆ మాట చేర్యాలకు ఫోన్‌లో చెప్తే, వాళ్ళు నవ్వి, వచ్చేసారి సరిచేస్తామన్నారు.

ఆ పటం పక్కన నేను ఎంతో కష్టపడి రాసి పెట్టిన పరిచయపు కాగితం ఉంది. మర్నాడే తీసేశాను. దాని బదులు, నెలకో ఆదివారం సాయంత్రం ఆయన వచ్చి పటం చెప్తున్నారు. ఆ రోజు అర్రలో చోటుండదు, అరుగు మీద, వాకిట్లో చాపలు పరుస్తాం. ఆయనకు చెప్పినందుకు రుసుం ఇస్తాం, అది కూడా రశీదు మీదే. కథ చెప్పడం కూడా పనే.

వేసవిలో సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా తెరుస్తాం, మిగతా కాలంలో పదకొండుకే. సద్దుల బతుకమ్మ రోజు మాత్రం వేళలు లేవు. పద్మాక్షి గుండానికి బతుకమ్మలు ఎత్తుకుని పోయే ఆడవాళ్ళంతా మా గల్లీ ముందునుంచే పోతారు. తిరిగొచ్చేటప్పుడు, చేతులు ఖాళీ అయ్యాక, లోపలికి వస్తారు. ఏడాది మొత్తంలో ఎక్కువమంది వచ్చేది ఆ రాత్రే. ఒకరిద్దరు పెంబర్తి కుంకుమ భరిణెలు కొంటారు. మిగతావాళ్ళు ఊరికే చూసి పోతారు. అలా చూసి పోయినవాళ్ళే సంక్రాంతికి చుట్టాలను వెంటేసుకుని వస్తారు.

వానాకాలం ముందు పని ఎక్కువ. జూన్ రాకముందే పెంకులు సర్దించాలి, పగిలినవి మార్పించాలి. కాగితపు బొమ్మలన్నీ దించి వెనక చూడాలి, వెండిచేపపురుగు తిన్న జాడ ఉందేమోనని. బట్ట పటాలను వేపాకు వేసి చుట్టి, నేలకు తగలకుండా అటక మీద పెడతాం.

నడుస్తుందా అన్న ప్రశ్నకు జవాబు: నడుస్తుంది. కరెంటు, లైసెన్సు, చూసుకునే అమ్మాయి జీతం, ఈ మూడూ మాస్కులు, భరిణెలు, చిన్న జంపఖానాలు, పోస్టుకార్డు సైజు నీటిరంగుల మీద వచ్చే పావలా వంతుతో వెళ్ళిపోతున్నాయి. ఇల్లు మాది కాబట్టి అద్దె లేదు. అద్దె కట్టాల్సివస్తే ఈ లెక్క కుదరదు, కొత్తగా పెట్టేవాళ్ళు ముందు అది ఆలోచించుకోవాలి. పెద్ద పటాలు ఏడాదికి ఏవో కొన్నే పోతాయి. అవి పోయినప్పుడు ఆ వంతును విడిగా పెట్టి, వేరేచోట ఎక్కడా బొమ్మ పెట్టని కొత్తవాళ్ళకు ఫ్రేములు కట్టిస్తున్నాం. ఈసారి ఆ ఫ్రేములు జనగామ నుంచి వచ్చే ఒక ఇంటరు పిల్లకు. నల్ల ఇంకు పెన్నుతో వాళ్ళ అమ్మ బీడీలు చుట్టే చేతులు వేస్తుంది. దసరా దాకా వసారా మొత్తం ఆ పిల్లదే.